చిన్నమ్మ స్నానాల బండ కింద

మొన్నటి వానలకు మా ఫ్లాట్‌లో స్నానాలగది వెనక గోడ చెమ్మెక్కింది. కబురు చేస్తే ప్లంబర్ వచ్చి, టార్చి వేసి చూసి, "పాకురు పట్టింది మేడం. గీకేసి కెమికల్ కొడితే ఖతం, మళ్ల రాదు" అని సంచిలోంచి గీకే బిళ్ల తీశాడు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి లోపలికి వెళ్లి నా భూతద్దం తెచ్చుకున్నాను. ఎనభైకి దగ్గరపడ్డ మోకాళ్లను బతిమాలుకుంటూ ఆ ఇరుకు సందులో కూలబడి, కంటికి అద్దం ఆనించి పది నిమిషాలు చూశాను. ఉత్త నాచు. ఎక్కడపడితే అక్కడ మొలిచేదే. "సరే, గీకెయ్" అన్నాను. అతను నావైపు చూసిన చూపులో జాలి ఉంది. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే చెప్పి పోదామన్న ఆలోచన కూడా ఉన్నట్టే కనిపించింది. నేను ముప్పయ్యేళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషినని అతనికి తెలియదు. తెలిసినా పెద్ద తేడా ఉండేది కాదనుకోండి. పచ్చబడ్డ గోడ కనబడితే వంగి చూడకుండా పోలేకపోవడం నాకు ఆ పాఠాల వల్ల వచ్చిన అలవాటు కాదు. చదువుకునే రోజుల్లో, తార్నాకలో, మా చిన్నమ్మ స్నానాల బండ కింద తల దూర్చిన ఒక పొద్దున పట్టుకుంది.

మాది జనగామ వైపు పల్లె, మెట్ట వ్యవసాయం. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చినప్పుడు హాస్టల్లో ఉంచడానికి మనసొప్పక మా బాపు నన్ను చిన్నమ్మ ఇంట్లో దింపి పోయాడు. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, పేరు చంద్రమ్మ. చిన్నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్నే నీలం చొక్కా తొడుక్కుని సైకిలెక్కి వెళ్లి, సాయంత్రం గ్రీజు వాసనతో తిరిగొచ్చేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. తార్నాక అప్పటికి సగం పట్నం, సగం గుట్టలు. ఇంటికీ ఇంటికీ మధ్య ఏనుగంతేసి రాతి గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. మేమున్నది రెండు గదుల కిరాయి ఇల్లు. వెనక చిన్న వాకిలి, వాకిలి మూలన స్నానాలకు ఒక షాబాద్ బండ, దాని చుట్టూ మూడువైపులా రేకులు, నాలుగోవైపు గోనెపట్టా తెర. బండను రెండు రాళ్ల మీద కాస్త ఎత్తుగా నిలిపారు. దాని కిందనుంచి ఇటుకలు పేర్చిన మోరి, వాడిన నీళ్లు పోయే కాలువ, బయటి సందులోకి పోయేది. మా చుట్టాల్లో నాకు పెద్ద చదువుల పిల్లనని పేరు. యూనివర్సిటీ గేటు దాటి లోపలికి వెళ్లగానే నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం ఆ గోనెపట్టా తెరే.

చిన్నమ్మకు దేవుడి పటాల కన్నా ఆ బండ మీదే భక్తి ఎక్కువని చిన్నాయన ఎగతాళి చేసేవాడు. నల్లా బుసకొట్టిన చప్పుడుకు లేచి, ముందుగా కొబ్బరిపీచుతో, బూడిదతో బండ తోమేది. ఆ తర్వాతే ఎవరికైనా స్నానం. నీళ్లు కాచే బంబాలో పుల్లలు ముట్టిస్తే వాకిలంతా పొగ. ఆ పొగలో చిన్నాయన ఎర్ర సబ్బు ఘాటు, ఆదివారాలైతే కుంకుడు పులుసు వాసన. అందరి స్నానాలూ అయ్యాక మళ్లీ తోమి, చివర్న రెండు బిందెల మంచినీళ్లు కుమ్మరించి, "ఇగ అయిపాయె" అని చేతులు దులుపుకునేది. సాయంత్రం మళ్లీ ఇదే వరస. ఎండాకాలం నల్లా సన్నగా వచ్చే రోజుల్లో వంటకు ఒక బిందె తగ్గినా ఊరుకునేది గాని, బండకు తగ్గనిచ్చేది కాదు. "గిన్ని నీళ్లెందుకు చిన్నమ్మా" అంటే, "నా మోరి జూసి ఎవ్వలన్న ముక్కు మూసుకుంటే నేను బతికి ఏం లాభమే?" అనేది. అప్పట్లో నాకది చాదస్తంగా కనిపించేది. పరీక్షల రోజుల్లో స్నానానికి వరసలో నిలబడి లోపల్లోపల విసుక్కునేదాన్ని.

వానలు ముగిసే రోజుల్లో ఒక పొద్దున తల తుడుచుకుంటుంటే చెవి కమ్మ సీల జారి బండ కిందికి దొర్లింది. బంగారం సీల. దొరక్కపోతే అమ్మకు ఏం చెప్పాలన్న భయంతో మోకాళ్ల మీద వంగి, చెంప నేలకు ఆనించి లోపలికి చూశాను. లోపలంతా మసక. ఇటుకల మధ్య మట్టి పేరుకున్న చోట మాత్రం ఏదో మెరుస్తోంది. బంగారు రంగు కలిసిన పచ్చదనం. సీలేమో అనుకుని చెయ్యి పెడితే మెత్తగా, తడిగా తగిలింది. తల కొంచెం పక్కకు తిప్పితే మెరుపు పోయింది, మళ్లీ తిప్పితే వచ్చింది. సీల అక్కడే పక్కన దొరికింది గాని నేను దాన్ని మర్చిపోయాను. పలచని చిన్న చిన్న రేకులు నేలకు అతుక్కుని, కొసన రెండుగా చీలి ఉన్నాయి. ఆకు లేదు, కాడ లేదు. నాచుకు చుట్టమయ్యే లివర్‌వర్ట్ అని తెలుస్తూనే ఉంది. క్యాంపస్ నేల మీద వానల్లో మొలిచే రిక్సియా అనే రకాన్ని మేం రోజూ చూసేవాళ్లమే. అది మందంగా, ముదురు పచ్చగా ఉంటుంది. ఇది అది కాదని నా వేలికే తెలిసింది. వెనకనుంచి చిన్నమ్మ, "ఏందే సత్తెమ్మా, మోరిల తలకాయ వెట్టినవ్? నీకేమన్న పిస లేసిందా?" అని కేకేసింది. సీల దొరికిందని చూపించి, రెండో చేత్తో గిల్లి తీసిన మట్టిపెళ్లను కొంగు చాటున దాచుకున్నాను.

మాకు ఈ చిన్న మొక్కల పాఠం చెప్పేది రత్నం సారు. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. బక్కపలచని మనిషి, ఒక మోకాలు సరిగా వంగదు, ఎవరినీ గొంతు పెంచి కసిరింది లేదు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. వారమంతా మేం ఏరి తెచ్చిన మొక్కలను కాగితం పొట్లాల్లో కట్టి, పొట్లం మీద చీటీ అంటించాలి. ఏ ఊరు, ఏ చోటు, దేని మీద, ఎండా నీడా, నీళ్లెక్కడివి, అన్నీ రాయాలి. శనివారం క్లాసులో ఒక్కొక్కరూ లేచి ఎవరి చీటీ వాళ్లు పైకి చదవాలి. "మొక్క పేరు తప్పయితే రేపు ఇంకొకరు దిద్దుతారమ్మా. చోటు తప్పు రాస్తే దిద్దేవాడు పుట్టడు" అనేవారు. ఆయన పదేళ్లుగా మా క్యాంపస్‌లోని ఇలాంటి మొక్కలన్నిటికీ ఒక జాబితా తయారు చేస్తున్నారు. అది ఆ నెలలోనే అచ్చుకు పోవాల్సి ఉంది.

ఆ శనివారం నా వంతు వచ్చేసరికి చీటీలో చోటు గడి ఖాళీగానే ఉంది. నా ముందు చదివిన నళిని హిమాయత్‌నగర్ నుంచి కారులో వచ్చే పిల్ల. తన మొక్క వాళ్ల తోటలో ఫౌంటెన్ గట్టు మీద దొరికిందని చదివి కూర్చుంది. నేను లేచాను. తార్నాకలో మా కిరాయింటి స్నానాల బండ కింద మోరి అని ఇరవైమంది ముందు, అందులో పద్నాలుగు మంది మగపిల్లల ముందు చదవడానికి నా నోరు రాలేదు. "యూనివర్సిటీ క్యాంపస్, చెరువు దారిలో గుండ్ల కింద, తడి మట్టి మీద, నీడ" అని చదివి, కూర్చున్నాక ఆ మాటలే గడిలో నింపాను. నళిని ఫౌంటెన్ పక్కన నా గుండ్లు బాగానే నిలబడ్డాయని సంతోషపడ్డాను కూడా.

సోమవారం సారు నన్ను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచారు. మొహం వెలిగిపోతోంది. "చూడమ్మా, ఎంత పలచనో. పైన ఒక వరస కణాలు, కింద ఒక వరస, మధ్యంతా గాలి గదులే. సయాథోడియం. ఇరవయ్యేళ్లుగా ఈ ఊళ్లో వెతుకుతున్నాను, కంటబడలేదు" అన్నారు. ఆ మెరుపు మొక్క సొంతం కాదనీ, మసకలో దొరికిన కాస్త వెలుతురునూ ఆ కణాలు పోగుచేసి మన కంటికి తిప్పి పంపుతాయనీ చెప్పారు. ఏ జాతో మాత్రం తేలలేదు. ఆకారం రెండు జాతులకు సరిపోతోంది, తేల్చాలంటే మొక్కను నేల మీదే చూడాలి. జాబితాలో దాన్ని నా పేరుతో చేరుస్తానన్నారు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ మెచ్చుకోలు తియ్యగా ఉంది, చెప్పలేకపోయాను. ఆ రోజు మధ్యాహ్నం నుంచే సారు చేతికర్ర పట్టుకుని చెరువు దారిలోని గుండ్ల వెంట తిరగడం మొదలుపెట్టారు.

నాలుగు రోజులు తిరిగారు. క్లాసు కిటికీలోంచి కనబడేవారు. ఒక గుండు దగ్గర ఆగడం, వంగని మోకాలిని పక్కకు చాచి కూర్చోవడం, లేవలేక కర్రను నేలకు గుచ్చి లేవడం. నాకు అన్నం సయించలేదు. చిన్నమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఒళ్లు చల్లగానే ఉందని మిరియాల చారు కాచి పోసింది. శుక్రవారం పొద్దున క్లాసు ఎగ్గొట్టి ఆయన దగ్గరికి నడిచాను. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి ఉంది, అరచెయ్యి గీసుకుపోయింది.

"ఇక్కడేనా అమ్మా? ఇంకొంచెం పడమటికా? ఒక్క మొక్కా కనబడలేదు. నాకు చూపు మందగించిందేమో" అన్నారు.

"ఇక్కడ లేదు సార్."

"ఎండిపోయిందంటావా?"

"ఇక్కడ ఎప్పుడూ లేదు సార్. మా చిన్నమ్మ వాళ్లింట్లో ఉంది. స్నానాల బండ కింద. మోరిలో."

సారు గుండు మీద కూర్చుని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గుండ్లని ఎందుకు రాశావని అడిగారు. సిగ్గయిందన్నాను. "నా మోకాళ్ల సంగతి సరేలేమ్మా" అన్నారు. "నువ్విచ్చిన మిగతా ముప్పై ఆరు పొట్లాలు ఉన్నాయే, వాటిని నేనేం చేసుకోవాలి?"

"అవన్నీ నిజమే సార్."

"ఆ మాట ఈ పూట నేనెట్లా నమ్మేది?" కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు. అంతకు ముందూ ఆ తర్వాతా నన్ను తిట్టినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, ఏ తిట్టూ అంత లోతుకు దిగలేదు. ఏడాదిన్నర పాటు గుట్టలూ చెరువు గట్లూ తిరిగి ఏరినవి ఆ ముప్పై ఆరూ. నా డిగ్రీ వాటి మీదే ఉంది. సారు లేచి, "ఆదివారం పొద్దున చర్చికి వెళ్లే ముందు మీ ఇంటికి వస్తాను. మొక్క అక్కడుంటే, నువ్వు చెప్పింది చెప్పినట్టుంటే, మిగతావీ ఉంచుతాను. లేకపోతే అన్నీ తీసేస్తానమ్మా, వేరే దారి లేదు" అని కర్ర ఊతంగా నడిచి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి చిన్నమ్మకు చెప్పాను. ఏం చెప్పానో సరిగ్గా చెబుతాను, ఎందుకంటే తప్పంతా అక్కడే జరిగింది. "ఎల్లుండి మా యూనివర్సిటీ సారు మనింటికి వస్తుండు చిన్నమ్మా, మన మోరి జూడనీకె" అన్నాను. అంతే. ఎందుకో వివరించలేదు, దేన్నీ ముట్టుకోవద్దనీ చెప్పలేదు. ఆ ఒక్క మాట అనడానికే నాకు ప్రాణం పోయింది. చిన్నమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత చిన్నాయనతో గుసగుసలాడింది. నేను పట్టించుకోలేదు.

ఆదివారం సున్నం వాసనకు మెలకువ వచ్చింది. వాకిట్లోకి పరుగెత్తితే బండ పక్కకు జరిపి ఉంది, మోరి అడుగునుంచీ అంచుదాకా తెల్లగా మెరుస్తోంది. చిన్నమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం జేసినవ్ చిన్నమ్మా!"

"ఏం జేసిన? సారొస్తుండంటివి గద. మీ చిన్నాయన పారతోని బండ లేపిండు. కింద ఎన్నేండ్ల పాకురో, గింత మందం వట్టింది. మొత్తం గీకి సున్నం గొట్టిన. ఇగ ఎంతసేపు జూస్తడో జూడుమను!"

నేను గడప మీద కూర్చుని గొల్లుమన్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. "ఇంకేమన్న మిగిలిందా ఏందే?" అని మోరిలోకి వంగి చూసింది.

ఇంతలో సైకిల్ గంట వినిపించింది. సారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, క్యారియర్ మీద గుడ్డలో చుట్టిన బైబిలు. "లేదు సార్, కడిగేశారు" అన్నాను. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. సారు మోరినీ, చిన్నమ్మనూ మార్చి మార్చి చూశారు. చిన్నమ్మ కొంగు సవరించుకుని, "జూడున్రి సారు, జర వాసనన్న ఉన్నదా?" అంది.

"లేదమ్మా, చాలా శుభ్రంగా ఉంది" అన్నారాయన మర్యాదగా. ఆ తర్వాత అదే గొంతుతో, "గీకిన మట్టి ఎక్కడ పోశారమ్మా?" అన్నారు.

"గా బంతిచెట్ల మొదట్ల ఏసిన సారు. బతుకమ్మకని వెంచుతున్న. పాకురు మట్టికి మస్తు బలముంటది."

సారు చేతికర్ర గోడకు ఆనించి, తెల్ల ప్యాంటుతో బంతి మొక్కల మధ్య కూర్చున్నారు. చిన్నమ్మ "అయ్యో సారు, బట్టలు ఖరాబైతయ్" అంటూనే చాట తెచ్చింది, గిన్నెలో నీళ్లు తెచ్చింది, విషయం తెలియకపోయినా నా పక్కన తనూ కూర్చుని మట్టి చిదమసాగింది. మొదట పచ్చని పీలికలు దొరికాయి. సారు అద్దం పెట్టి చూసి తల ఊపి, ఇంకో పెళ్ల తీసుకున్నారు. నీళ్లలో కడుగుతూ పోతే ఒక్కో రేకు కొసన, మట్టిలోకి దిగబడి, గసగసాలంత ఉండలు కనిపించాయి. సారు ఒకదాన్ని వేలి కొన మీదికి తీసుకున్నారు. "దుంపలు" అన్నారు. "ట్యూబరోసం. దుంపల జాతి. ఎండాకాలం పైదంతా ఎండిపోయినా ఇవి మట్టిలో దాక్కుని బతుకుతాయి. నువ్వు పైపైన గిల్లి తెచ్చావమ్మా, అందుకే నాకు తేలలేదు. మీ చిన్నమ్మగారు అడుగుదాకా గీకారు." అప్పుడు నావైపు తిరిగి, "ఉంచుతాను. ముప్పై ఏడూ ఉంచుతాను" అన్నారు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి చిన్నమ్మ కూడా, ఎందుకో తెలియకుండానే, కొంగుతో కళ్లొత్తుకుంది.

సారు మాట నిలబెట్టుకున్నారు. క్యాంపస్ జాబితా చివర్న తార్నాకలో దొరికిన ఈ మొక్క గురించి విడిగా ఒక వాక్యం చేర్చారు. తరువాతి శనివారం నేను సరైన చీటీ పైకి చదివాను. ఎవరూ నవ్వలేదు, నళిని మాత్రం తనకూ చూపించమని వారం రోజులు వెంటపడింది. మరుసటి వానలకు సున్నం కొట్టుకుపోయి, ఇటుకల సందుల్లో ఆ పచ్చదనం మళ్లీ వచ్చింది. చిన్నమ్మ అప్పటినుంచి దాన్ని "మీ సారు చెట్టు" అనేది, పీచు దాని పక్కకు తగలకుండా తోమేది. ఇప్పుడా సందులో ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు, గుండ్లు పిండయి పునాదుల్లో కలిశాయి. నా దగ్గర చదివిన పిల్లలు ఫోన్ తీసి నొక్కితే చాలు, మొక్క ఎక్కడుందో అడుగు తేడా లేకుండా తేలిపోతుంది. మంచిదే, మా కాలపు చీటీల్లో ఎన్ని గుండ్లు నిజమో ఎవరికి తెలుసు. కాని ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు ఏదో తక్కువైనట్టే ఉంటుంది. చోటు తెలుస్తుంది, ఆ చోట రోజూ ఏం జరుగుతుందో తెలియదు. చిన్నమ్మ తొంభై దాటాక, నిద్రలోనే పోయింది. ఆమెను తలుచుకుంటే దుఃఖం కన్నా ముందు నవ్వే వస్తుంది, దానికి కారణం ఆ ఆదివారం సారు వెళ్లబోయే ముందు జరిగిన సంగతి.

సారు మట్టిచేతులు కడుక్కుని, జేబులోంచి కొత్త చీటీ, పెన్నూ తీసి నాకిచ్చారు. "ఇక్కడే కూర్చుని, చూస్తూ రాయి" అన్నారు. రాశాను. చిన్నమ్మ చాయ్ తెచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసినవ్ బిడ్డా, జర సదువు" అంది. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగు చేసి చదివాను. తార్నాక, చంద్రమ్మ ఇల్లు, స్నానాల బండ కింద, మోరి గోడ, మట్టి మీద, నీడ.

"నా పేరు రాసినవా?" అంది. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే చీటీ మీదికి ఇంకా వంగింది. తర్వాత మొహం చిన్నబుచ్చుకుని, "నా పేరు పక్కకు మోరి అని రాస్తే సదివినోళ్లు ఏమనుకుంటరే? రోజు రెండుసార్లు కడుగుతదని గూడ రాయి" అంది.

నేను నవ్వాను. సారు నవ్వలేదు. "రాయమ్మా" అన్నారు. "అసలు అదే ముందు రాయాలి. ఈ ఊరి ఎండకు దుంపలైనా మాడిపోకుండా ఏడాది పొడుగునా ఇంత తడి ఎక్కడుంది? సబ్బు నీళ్లు నిలిచినా ఇది చచ్చేదే. ఈవిడ మంచినీళ్లతో కడగబట్టే బతికింది."

చిన్నమ్మకు ఆ మాట ఎంతవరకు అర్థమైందో నాకు తెలియదు. నాకు మాత్రం అర్థమైంది. నేను సిగ్గుపడి దాచిన చోటులో ఆ మొక్కను అన్నేళ్లు బతికించింది నేను విసుక్కున్న ఆ రెండు బిందెల నీళ్లు. చీటీ మీద జాగా చాలక అంచు వెంట నిలువుగా రాశాను. రోజూ రెండుపూటలా మంచినీళ్లతో కడిగే చోటు. అదీ చదివి వినిపించాను. చిన్నమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"ఆఁ, గట్ల రాయాలె" అని చాయ్ గ్లాసు సారు చేతికిచ్చింది.